వద్దు నాయనమ్మ, పాపం అమ్మమ్మ

గుడివాడ,
18 జూన్ 2025.

నాగాయలంక వదినగారికి,

సత్యవతమ్మ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీరూ బాగానే ఉండి ఉంటారు, మీకేం.

ఇంటింటా ఫోన్లున్న రోజుల్లో ఈవిడ ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటున్నారేమో. ఉగాదినాడు మనిద్దరం ఫోనులో అరుచుకున్నాక మా రమణ ఏమన్నాడో మరిచిపోయి ఉండరు. "అమ్మా, నువ్వూ మా అత్తగారూ ఇంకొక్కసారి ఫోనులో మాట్లాడుకున్నారంటే, హారికనీ పిల్లనీ తీసుకుని మీ ఇద్దరికీ దొరకనంత దూరం ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాను" అన్నాడు. వాడు వద్దన్నది ఫోను. ఉత్తరం మాట ఎత్తలేదు. ఇచ్చిన మాట తప్పడం మా వంశంలో లేదు కాబట్టి కాగితం తీశాను.

మీ కూతురికీ నా కొడుక్కీ పుట్టిన ఏకైక సంతానం లాస్య, ఎండాకాలం సెలవులన్నీ మీ దగ్గర గడిపి, బడి తెరిచేముందు నాలుగు రోజులు నా దగ్గరికి వచ్చింది. ఏడాదిగా అది నన్ను చూడగానే "వద్దు నాయనమ్మా" అంటుంది. జంతికలు పెట్టినా అదే మాట, పాలు ఇచ్చినా అదే మాట. అలా అంటూనే రెండు చేతులా తీసుకునేది. పిల్లకి ఆరేళ్ళకే ఎంత మొహమాటమో, బందరులో పెరిగినా మా ఇంటి మర్యాద ఎక్కడికి పోతుందని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆ నాలుగు రోజుల్లోనే శుక్రవారంనాడు మా ఇంట్లో సహస్రనామ పారాయణం. వీధిలో ఆడవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు. దాని కూచిపూడి డాన్సు మాస్టారు ఫోను చేశారు. స్పీకరు పెట్టి ఉంది. "ఎక్కడున్నావమ్మా?" అన్నారాయన. "వద్దు నాయనమ్మ ఇంట్లో ఉన్నాను మాస్టారూ" అంది. ఆయనకి అర్థం కాలేదు. "మా నాయనమ్మ పేరండీ అది. అన్నీ వద్దంటుంది కదా, అందుకు" అని విడమరిచి చెప్పింది.

పారాయణం ఆగిపోయింది. ఆ భగవంతుడి వెయ్యి పేర్ల మధ్యలో నా పేరొకటి చేరింది. ఆ రోజు నుంచి పక్కవీధి పిల్లలు కూడా నన్ను చూసి చున్నీలు నోట్లో కుక్కుకుంటున్నారు.

ఇంత వెటకారం ఆరేళ్ళ పిల్లకి పుట్టుకతో రాదు. మా వైపు ఎవరికీ లేదు. ఎవరు నేర్పారో ఊహించడానికి నేనేం పెద్దగా కష్టపడనక్కర్లేదు. నేర్పినవాళ్ళే మాన్పిస్తే మర్యాదగా ఉంటుంది.

మీ వియ్యపురాలు,
సత్యవతమ్మ

*

నాగాయలంక,
24 జూన్ 2025.

గౌరవనీయులైన వదినగారికి,

వెంకటలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. పోస్టులో వేస్తే మీకు చేరేసరికి నా కోపం చల్లారిపోతుందేమోనని, మా ఐసు వ్యాను గుడివాడ వస్తుంటే డ్రైవరు అబ్బులు చేతికిచ్చి పంపిస్తున్నాను. వాడికి మంచినీళ్ళయినా ఇస్తారని ఆశపడటం లేదు. గేటు బయటే నిలబడమని చెప్పాను.

ఆ పేరు నేను పెట్టలేదు. నాకంత తీరికెక్కడిది? తెల్లారితే రేవులో వేలం, ఆ తర్వాత ప్యాకింగు, మధ్యాహ్నం ఐసు ఫ్యాక్టరీవాడితో పోట్లాట. మీ గురించి తలుచుకునే టైముంటే ఇంకో వ్యాను కొనేదాన్ని.

అయినా దానికొకళ్ళు నేర్పాలా? సోఫా ఎక్కితే వద్దు, గేటు దాటితే వద్దు, గట్టిగా నవ్వితే వద్దు. పిల్లల పెళ్ళి కుదిరిన కొత్తలో నేనొకసారి మీ ఇంటికొచ్చి అరగంట కూర్చున్నాను. నాకే ఎన్నిసార్లు చెప్పారో! ఆ కుర్చీ వద్దు, ఈ గ్లాసు వద్దు, చెప్పులక్కడ వద్దు. పిల్ల కళ్ళున్నది కాబట్టి కనిపెట్టింది.

ఇప్పుడు నా సంగతి వినండి. నన్నది ఏమంటుందో తెలుసా? పాపం అమ్మమ్మ. రేవులో పదిమంది ముందు "పాపం అమ్మమ్మా, ఐసుముక్క ఇవ్వవా" అంటుంది. ఎవరు నేర్పారో నాకు మొదటిరోజే తెలిసింది. ఉపదేశం తీసుకున్నాక చేపని తలుచుకున్నా పాపమేనని మీరు ఊరంతా చెబుతున్నారట. చేపలు పట్టేవాళ్ళం కాబట్టి మేం పాపులం, నేను పాపం అమ్మమ్మని. అంతే కదా? ఆడపిల్లని మీ ఇంటికిచ్చినదాన్ని కాబట్టి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

కానీ ఒక్క మాట. పట్టినవాళ్ళకి పాపమైతే తిన్నవాళ్ళకేమిటి? అన్నయ్యగారు బందరు వచ్చినప్పుడల్లా మా హారిక చేత పండుగప్ప పులుసు వండించుకుని, సోంపు నమిలి, అప్పుడు గుడివాడ రైలెక్కుతారు. వారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
వెంకటలక్ష్మి

*

గుడివాడ,
1 జూలై 2025.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. బాల్కనీలో క్లిప్పులు పెట్టి ఒక పూట గాలికి ఆరబెట్టి చదివాను. ఇకమీదట తపాలాలో పంపితే నాకూ సుఖం, మా కుండీల్లో మల్లెలకీ సుఖం.

మా ఆయన సంగతి మా ఆయనతో తేల్చుకున్నాను. అది మీకనవసరం. సోంపు డబ్బా మాత్రం ఇప్పుడు నా బీరువాలో ఉంది.

ఇక ఆ పేరు విషయం. ఇంత చిన్న మాట మీకు అర్థం కాకపోవడం చూస్తే ఆశ్చర్యం వేయలేదు. పాపం అంటే మీరనుకున్న పాపం కాదండీ. మిమ్మల్ని పాపులని అనడానికి నేనెవర్ని? జాలితో అనే పాపం. మీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నా నోటివెంట ఆ మాట దానంతటదే వస్తుంది. భర్త పోయాడు పాపం. కొడుకులు లేరు పాపం. ఆ ఉప్పుగాలిలో, ఆ రేవులో, మగాళ్ళ మధ్య నిలబడి అరుచుకుంటూ బతకాలి పాపం. పదో తరగతితో ఆపేసింది, లేకపోతే ఎంత ఎదిగేదో పాపం. ఇవన్నీ పిల్ల వింది. వాళ్ళమ్మమ్మ పేరే అదనుకుంది. ఇందులో తప్పేముంది? నా మనసు మంచిది కాబట్టి ఆ మాటన్నాను. ఇంకొకరైతే వేరే మాట అనేవాళ్ళు.

కాబట్టి మీ పేరులో ప్రేముంది, నా పేరులో వెటకారముంది. రెండూ ఒకటి కావు. రమణకి గట్టిగా చెప్పాను, పెద్దవాళ్ళని ఎలా పిలవాలో పిల్లకి వెంటనే నేర్పమని. "అమ్మా, అది చిన్నపిల్ల" అని నసిగాడు. "నేర్పకపోతే బందరు గుమ్మం తొక్కను" అన్నాను. నేర్పుతాడు.

సత్యవతమ్మ

*

నాగాయలంక,
5 జూలై 2025.

వదినగారికి,

పాపమంటే దోషమనుకున్నప్పుడే నయం. హంసలదీవి పోయి సంగమంలో మూడు మునకలేస్తే పోయేది. జాలి ఎక్కడ మునిగితే పోతుందో మీరే చెప్పండి, చదువుకున్నవాళ్ళు.

ఆయన పోయిన రోజున ఏడ్చాను. తర్వాత లేచాను. పడవల లెక్క పట్టాను, వ్యాపారం పట్టాను, కూతుర్ని బి.ఫార్మసీ చదివించాను. ఆ చదువు చూసే మీ అబ్బాయి వెంటపడ్డాడు. నేను రేవులోకి దిగితే మగాళ్ళు పక్కకి జరిగి దారిస్తారు. అటువంటిదాన్ని మీరు వరండాలో ఉయ్యాలబల్ల మీద ఊగుతూ, విసనకర్ర విసురుకుంటూ, జాలిపడతారా? ఎవరడిగారు మిమ్మల్ని?

హారికకి ఫోను చేసి చెప్పాను. పిల్ల నోరు సరిచేసేదాకా దాన్ని నా గడప తొక్కనివ్వనని.

వెంకటలక్ష్మి

*

గుడివాడ,
11 ఆగస్టు 2025.

వదినగారికి,

చాలా రోజులైంది. మీకు మళ్ళీ రాయకూడదనే అనుకున్నాను. రాయవలసి వచ్చింది.

శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి రమణావాళ్ళు వచ్చారు. లాస్య గుమ్మంలో చెప్పులు జతగా విడిచి, లోపలికొచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "బాగున్నారాండీ?" అంది. నా మనసు నిండిపోయింది. వాయనాలకొచ్చిన వాళ్ళందరికీ చూపించాను. సహస్రనామం నాడు నవ్విన మొహాలన్నీ మాడిపోయాయి. మీకు ఆ పూటే రాసి ఉంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది.

భోజనాలప్పుడు "ఏమండీ, నీళ్ళు కావాలండీ" అంది. బూరెలు వేడిగా ఉన్నాయి తినమన్నాను. "చాలండీ" అంది. సాయంత్రం పక్కన కూర్చోమని పిలిస్తే వచ్చి కూర్చుంది, బ్యాంకులో మేనేజరు ముందు కూర్చున్నట్టు. రోజంతా గమనించాను. నాయనమ్మా అని ఒక్కసారి అనలేదు. హారిక వంటింట్లో ఉండగా దగ్గరికి తీసుకుని అడిగాను.

"నేను నీకు ఏమవుతానే?"

"తెలీదండీ."

"నాయనమ్మా అనవేం?"

"తప్పొస్తే నాన్న కొడతారండీ. ఏమీ అనకపోతే తప్పు రాదండీ."

నోటి మీద కొట్టాడట. ఒకసారి కాదు. నాయనమ్మ అనబోయి ముందు ఆ మాట అలవాటుగా వచ్చేసినప్పుడల్లా కొట్టాడట. నేను వాడిని ఒక్క దెబ్బ కొట్టకుండా పెంచాను వదినగారూ. నేర్పమంటే నేర్పే పద్ధతి ఇదా? దున్నపోతు.

మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఇది రాస్తున్నాను. నిజం చెప్పండి. మీ దగ్గరా ఇంతేనా, లేక నా దగ్గర మాత్రమేనా? మీ దగ్గర మామూలుగా ఉంటూ నన్ను మాత్రమే ఇలా దూరం పెట్టిందంటే, అందులో మీ చెయ్యి ఉన్నట్టే.

సత్యవతమ్మ

*

నాగాయలంక,
17 ఆగస్టు 2025.

వదినగారికి,

మీ ఉత్తరంలో ఆఖరి మాట చదివి చింపేద్దామనుకున్నాను. మీ బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు. సరే.

ఇక్కడా అంతే. పంద్రాగస్టు సెలవుకి హారిక తీసుకొచ్చింది. ఎప్పుడొచ్చినా ముందు ఐసు పెట్టెల దగ్గరికి పరిగెత్తేది. ముక్క చేతిలో పట్టుకుని అది కరిగేదాకా రేవంతా తిరిగేది. ఈసారి నేనే పెద్ద ముక్క కొట్టించి ఇచ్చాను. "వద్దండీ, థాంక్సండీ" అంది. మా కూలీ నాంచారయ్య పగలబడి నవ్వాడు, ఎవరో ఆఫీసరమ్మ వచ్చిందని. నాకు నవ్వు రాలేదు.

మీ కొడుకు కొట్టాడు, మీరన్నట్టు దున్నపోతే. నా కూతురేం తక్కువ తినలేదు, పక్కనుండి చూసింది. "నువ్వే కదమ్మా గడప తొక్కనివ్వనన్నావు" అని నా మీదకే వచ్చింది. ఇద్దరికీ చదువులున్నాయి, ఉద్యోగాలున్నాయి, ఒక పసిదానితో మాట్లాడే తెలివి మాత్రం లేదు. అందులో ఒకణ్ణి మీరు కన్నారు, ఒకదాన్ని నేను కన్నాను. మనమేమీ గొప్పగా చెప్పుకోవడానికి లేదు.

నేను ఇప్పుడు కదల్లేను. రొయ్యల సీజను. మీరు ఖాళీయే కదా, ఆ వరండాలో ఊగడం తప్ప. బందరు వెళ్ళి కొన్నాళ్ళు ఉండండి. దాని నోరు తెరిపించండి. అది మిమ్మల్ని తిట్టినా సరే. మీకు చేతకాదనే నా నమ్మకం, అయినా వెళ్ళండి.

వెంకటలక్ష్మి

*

మచిలీపట్నం,
14 సెప్టెంబరు 2025.

వదినగారికి,

చేతకాదన్నారు కదా. ఈ ఉత్తరం రెండుసార్లు చదువుకోండి.

వచ్చి రెండు వారాలైంది. ఈ ఇంట్లో అందరూ ఎవరి ఫోనులో వాళ్ళుంటారు. దోమలు మాత్రం మనుషుల్ని పట్టించుకుంటాయి. రోజూ పిల్లని బడికి తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను. దారిలో కథలు చెప్పాను, బందరు లడ్డూ కొనిపెట్టాను, ఆఖరికి నా అంతట నేనే "వద్దు నాయనమ్మా అని పిలు, ఏమీ అనను" అని బతిమాలాను. "అలా అనకూడదండీ" అని నాకే బుద్ధి చెప్పింది.

ఈరోజు పొద్దున తలంటి పోసి జడ వేస్తున్నాను. దాని జుట్టు మీ వైపుది, చీపురుకట్టలా ఉంటుంది, దువ్వెన దిగదు. చిక్కు దగ్గర కాస్త గట్టిగా లాగాను. అంతే, వెనక్కి తిరిగి, నా చెయ్యి విసిరికొట్టి, "పోవే ముసలీ! నొప్పి!" అని అరిచింది.

రమణ గడ్డం గీసుకుంటున్నవాడు సబ్బు నురగతోనే బయటికొచ్చాడు. చెయ్యెత్తాడు. పిల్ల రెండు చేతులతో నోరు మూసేసుకుంది. వదినగారూ, ఆ మూసుకోవడం మీరు చూడలేదు. నేను చూశాను. దువ్వెన పట్టుకునే మధ్యలోకి వెళ్ళాను.

"నన్నంది. నీకేంట్రా మధ్యలో?" అన్నాను.

"పెద్దవాళ్ళని పిలవడం నేర్పమని నువ్వే కదమ్మా ప్రాణం తీశావు!"

"నేర్పమన్నాను. నోరు కుట్టెయ్యమన్నానా? నేను ముసలిదాన్నే. అది ఉన్నమాటంది. ముందు నీ మొహం కడుక్కో."

హారిక వంటింటి గుమ్మంలో నిలబడింది. ఈసారి నోరు విప్పింది. "ఇంకోసారి దాని మీద చెయ్యెత్తితే ఊరుకోనండీ" అంది మొగుడితో. ఆలస్యంగానైనా అంది. వాడు నురగ ఆరిపోయేదాకా అక్కడే నిలబడి, లోపలికి పోయి మొహం కడుక్కున్నాడు.

పిల్ల కాసేపు నన్నే చూసింది. తర్వాత మళ్ళీ వచ్చి వీపు తిప్పి కూర్చుని, "మెల్లగా వెయ్యి ముసలీ" అంది. వెయ్యి అంది. వెయ్యండీ అనలేదు. మధ్యాహ్నం నుంచి ఇల్లంతా అదే పిలుపు. ముసలీ నా పెన్సిలేది, ముసలీ టీవీ పెట్టు.

మీకింకా అండీయే కదా? పాపం.

సత్యవతమ్మ

*

నాగాయలంక,
6 అక్టోబరు 2025.

వదినగారికి,

ముసలీ అని బిరుదొచ్చినందుకు మీ సంబరం చూసి ఊళ్ళో దండోరా వేయిద్దామనుకున్నాను. మీ మనవరాలు మిమ్మల్ని సరిగ్గానే కనిపెట్టింది, మొదట్నుంచీ.

దసరా సెలవులకి లాస్య నా దగ్గరే ఉంది. వచ్చిన రోజున అండీ, మర్నాడూ అండీ. మీ దగ్గర తెరుచుకున్న నోరు నా దగ్గరికి రాగానే మూతపడింది. గడప తొక్కనివ్వనన్నది నేనని దానికి తెలుసు. పిల్లలు మరిచిపోతారంటారు, అదంతా ఉత్తిదే.

ఒక పొద్దున ఇడ్లీ తింటూ "మీ పేరేంటండీ?" అని అడిగింది. వెంకటలక్ష్మి అన్నాను. "అంత పెద్దదా?" అని మళ్ళీ ఇడ్లీలో పడింది. నేను పట్టించుకోలేదు.

ఆ మర్నాడు రేవులో నాలుగు పడవలు ఒకేసారి వచ్చాయి. వేలం మొదలైంది. నేను ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో తూకం చూసుకుంటూ అరుస్తున్నాను. పిల్ల కొంగు పట్టుకుని లాగింది, వినలేదు. "ఏమండీ, ఏమండీ" అందట, ఇంజన్ల మోతలో ఎవరికి వినపడుతుంది? దాని చెప్పు బురదలో ఇరుక్కుపోయింది. నీళ్ళు పైకొస్తున్నాయి. అప్పుడు అరిచింది.

"లక్ష్మీ! ఇటు రా!"

రేవులో తలలన్నీ నా వైపు తిరిగాయి. నన్ను అక్కడ అందరూ లక్ష్మమ్మగారంటారు, అత్తా అంటారు, వెనకాల ఇంకేమంటారో నాకు తెలుసు. మొహం మీద లక్ష్మీ అని పిలిచే మనిషి పోయి పన్నెండేళ్ళు దాటింది. పడవ ఇంకా ఒడ్డుకి రాకముందే, నీళ్ళలోంచే అలా కేకేసేవాడు. టీ పెట్టమని.

ఫోను జారి చేపలబుట్టలో పడింది. వెళ్ళి పిల్లనెత్తుకున్నాను. తప్పన్నానేమోనని నా మొహంలోకి చూస్తోంది, చెయ్యి నోటి దగ్గరికి పోతోంది. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. "మళ్ళీ పిలు" అన్నాను. పిలిచింది. ఇంకోసారి అన్నాను. "ఎన్నిసార్లు లక్ష్మీ? నా చెప్పు కొట్టుకుపోతోంది" అని విసుక్కుంది.

నాంచారయ్య కళ్ళు తుడుచుకుంటూ, ఐసు పొగ అన్నాడు. ఐసుకి పొగేంటో వాడికే తెలియాలి.

ఈ సంగతి రమణకి చెప్పకండి. తెలిస్తే మళ్ళీ మర్యాద నేర్పుతాడు. మీకు చెప్పడం కూడా ఇష్టం లేదు. కానీ ఇంకెవరికి చెప్పను?

వెంకటలక్ష్మి

*

గుడివాడ,
13 అక్టోబరు 2025.

వదినగారికి,

వాడికి చెప్పను. చెబితే అర్థం చేసుకునే బుర్ర ఉంటే ఇంతదాకా వచ్చేదా?

మీ ఉత్తరం ఈసారి ఆరబెట్టకుండానే చదివాను. అది మీ మీద గౌరవమనుకోకండి, వాన పడుతోంది.

చదివాక హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి, "ఏమండీ, నా పేరేంటి?" అని అడిగాను. పేపరు దించకుండానే, "ఏం, ఆధార్ కార్డు పారేసుకున్నావా?" అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయనకి నేను 'ఇదిగో'ని. పేరు లేదని ఇన్నేళ్ళూ నాకు తోచనేలేదు. మీరు రాశాకే తోచింది. మీ వల్ల నాకు కలిగిన మేలు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

నిన్న ఆదివారం రమణ పిల్లని దింపి వెళ్ళాడు. మీకు లక్ష్మీ, నాకు ముసలీనా అని ఉక్రోషమొచ్చింది. లేదని అబద్ధం చెప్పను. అరటిపండు వలిచి చేతికిస్తూ, "అమ్మలూ, నన్ను సత్యా అని పిలవవే" అన్నాను.

అది పండు నములుతూ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"సత్య మా క్లాసులో ఉంది. దానికి ముందు పళ్ళు లేవు. నీకున్నాయిగా."

"ఉంటే?"

"నువ్వు సత్యలా లేవు. ముసలీలాగే ఉన్నావు" అని తేల్చేసి, తొక్క నా చేతిలో పెట్టి పోయింది.

పేపరు వెనకనుంచి నవ్వు వినపడింది. ఆ మనిషి అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో. నాకూ నవ్వొచ్చింది గానీ వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. ఆయన ముందు నవ్వితే అలుసు.

కార్తీకంలో పిల్లని తీసుకుని మీ ఊరు వస్తున్నాను. మీ రేవు చూపించండి. చేపల వాసన భరిస్తాను, భోజనం మాత్రం నాది నేనే తెచ్చుకుంటాను. అక్కడ పదిమంది ముందు అది నన్ను ముసలీ అని కేకేస్తుంది, ఖాయం. మీ నాంచారయ్యావాళ్ళెవరూ నవ్వకుండా చూసుకోవలసిన బాధ్యత మీదే. నవ్వాల్సి వస్తే మీరొక్కరే నవ్వండి.

సత్యవతి